బొమ్మల కొలువులో దృశ్య నిర్మాణం: మట్టి బొమ్మల నుంచి లెగో ఇటుకల దాకా

బొమ్మల కొలువు అంటే దసరాకో సంక్రాంతికో ఇంట్లో మెట్లు కట్టి బొమ్మలు పేర్చే వేడుక. ఆ మెట్ల ముందు నేల మీద మరో చిన్న లోకం వెలుస్తుంది. దాన్ని కొన్ని ఇళ్లలో పార్కు అంటారు, కొన్ని ఇళ్లలో పల్లెటూరు అంటారు, ఈ మధ్య చాలామంది థీమ్ అంటున్నారు. మెట్ల మీది దేవుళ్లు తరం నుంచి తరానికి దిగివచ్చినవాళ్లు. నేల మీది చెరువు, గుడి, సంత, రైలుబండి మాత్రం ఆ ఏడాది ఆ ఇంటివాళ్లు తమ ఊహతో కట్టుకున్నవి. ప్రపంచమంతటా ప్లాస్టిక్ ఇటుకలతో దృశ్యాలు కట్టే అభిరుచిపరులు చేసే పనికి తెలుగు ఇళ్లలో ఉన్న అతి దగ్గరి రూపం ఇదే. దసరా వ్యాసాలు ఎక్కువగా మెట్ల గురించే రాస్తాయి, ఈ నేల భాగాన్ని ఒక్క మాటతో దాటేస్తాయి. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ నేల భాగం గురించే.

కొలువు ఎప్పుడు, ఎక్కడ

కోస్తా జిల్లాల్లో ఎక్కువగా సంక్రాంతికి కొలువు పెడతారు. భోగి నాడు మొదలుపెట్టి కనుమ దాకా ఉంచుతారు. రాయలసీమలో దసరా కొలువే ఎక్కువ. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు రెండూ నవరాత్రుల్లోనే కొలువు పెట్టే ప్రాంతాలు కావడం ఇందుకు ఒక కారణం కావచ్చు. శ్రీ సత్యసాయి జిల్లా తనకల్లు నుంచి కన్నడ సరిహద్దు దగ్గరే. కదిరి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు ఇళ్లకు బెంగళూరు బజారే దగ్గరి బొమ్మల బజారు. అందుకే ఈ కొలువుల్లో కొండపల్లి ఏనుగు అంబారీ పక్కనే చన్నపట్న గుర్రం కనిపిస్తుంది.

మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి: మూడు, ఐదు, ఏడు, తొమ్మిది. మహాలయ అమావాస్య నాడు గాని, పాడ్యమి ఉదయం గాని మొదట కలశం పెడతారు. పై మెట్టు మీద ఎర్రచందనపు రాజా రాణీ బొమ్మలు, దశావతారాలు, కింది మెట్లకు వచ్చేసరికి పెళ్లి బృందం, కోమటి కొట్టు, కూరగాయలమ్మి, పాములవాడు. సాయంత్రం పేరంటం, హారతి, పాటలు, గుగ్గిళ్లు, తాంబూలం. ఏటా ఒక్కటైనా కొత్త బొమ్మ కొనాలన్నది పట్టింపు. విజయదశమి రాత్రి ఒక బొమ్మను పడుకోబెడతారు. మరునాడు అన్నిటినీ పాత పంచెల్లో, మెత్తటి చీరముక్కల్లో చుట్టి ట్రంకు పెట్టెకు ఎక్కిస్తారు. దీనికి చుట్టరికమున్న ఇంకో ఆచారం బొమ్మల నోము. ముక్కనుమ నాడు కొత్త పెళ్లికూతుళ్లు సావిత్రీ గౌరీదేవిని మట్టి బొమ్మలతో పూజించి, నోము ముగిశాక వాటిని నీళ్లలో కలుపుతారు.

ఈ వేడుక పుట్టుకను విజయనగరంతో ముడిపెట్టడం మామూలు. 1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ అక్కడి మహర్నవమి ఉత్సవాన్ని వర్ణించాడు. అంతస్తులంతస్తులుగా కట్టిన మంటపాలు చూశానని, వాటి మీద మనుషులు, జంతువుల రూపాలు తీర్చారని, కొన్ని మంటపాలు గిరగిరా తిరిగే ఏర్పాటుతో ఉన్నాయని రాశాడు. 1565 తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు మారింది. 1610లో మైసూరు రాజు రాజ ఒడయరు శ్రీరంగపట్నంలో దసరా మొదలుపెట్టాడు. తర్వాత మైసూరు రాజప్రాసాదంలో బొమ్మల కోసం ప్రత్యేకంగా గొంబె తొట్టి అనే మంటపమే వెలిసింది. రాజుల ఉత్సవం నుంచే ఇంటి కొలువు పుట్టిందని తేల్చేయడం తొందరపాటు. ఇంటి ఆడవాళ్లు, పిల్లలు ఒకరి ఇంట చూసి మరొకరు నేర్చుకున్న పనికి శాసనాలు దొరకవు. అయితే మెట్ల మీద బొమ్మలను వరుసగా నిలిపి లోకాన్ని చూపాలన్న ఊహ ఈ నేలకు కొత్తది కాదని రజాక్ మాటలు సాక్ష్యం చెబుతాయి.

బొమ్మలు వచ్చే ఊళ్లు

ఎన్‌టీఆర్ జిల్లా కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో బొమ్మలు చేస్తారు. ఆరబెట్టిన తెల్లపొణికి తేలిగ్గా, మెత్తగా ఉండి ఉలికి బాగా లొంగుతుంది. తల, మొండెం, చేతులు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. పైన సున్నం పూసి రంగులు వేస్తారు. దృశ్యం కట్టేవాళ్లకు కొండపల్లి పెద్ద వరం, ఎందుకంటే అక్కడ పల్లెలోని పనులన్నీ బొమ్మలుగా దొరుకుతాయి. తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, తిరగలి విసిరే ఇల్లాలు, చల్ల చిలికే మనిషి, ఎడ్లబండి, పెళ్లి పల్లకి. ఒక్కో బొమ్మ ఒక్కో పని. పది కొని నేల మీద సర్దితే ఊరు నిలబడుతుంది.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక పద్ధతి వేరు. అక్కడ అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ లక్క రంగు పట్టిస్తారు. చన్నపట్న బొమ్మలకు వాడేదీ ఇదే చెట్టు కర్ర. గింజలు, ఆకులు, బెరళ్ల రంగులను ఏటికొప్పాకలో మళ్లీ నిలబెట్టిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలదే. తరిణి మీద గుండ్రటి రూపాలే తేలిగ్గా వస్తాయి కాబట్టి ఏటికొప్పాక నుంచి కొలువుకు ఎక్కువగా చేరేవి లక్కపిడతలు, బండ్లు, గోపురాలు. దృశ్యంలో వంటిల్లు కట్టాలంటే వీటిని మించినవి లేవు.

తనకల్లు వైపు వాళ్లు సొంత జిల్లా కళను మరిచిపోకూడదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలును పలచగా గీకి, రంగులద్ది, చిల్లులు కొట్టి తోలుబొమ్మలు చేస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ దక్కింది. తోలుబొమ్మ బల్లపరుపుగా ఉంటుంది, మెట్టు మీద నిలబడదు. కానీ దృశ్యం వెనక తెరగా నిలిపి దాని వెనక చిన్న దీపం పెట్టి చూడండి. ముందు నేల మీద లంక, వెనక వెలుగులో ఎర్రగా తేలే పదితలల రావణుడు. అంత అందమైన నేపథ్యం ఏ అంగట్లోనూ దొరకదు.

నేల మీది లోకం ఎలా కడతారు

పాత పద్ధతి పార్కులో మొదటి పని గడ్డి. వెడల్పాటి పళ్లెంలోనో, అట్టపెట్టె మూతలో ప్లాస్టిక్ కాగితం పరచో, అంగుళం మందాన మెత్తటి మట్టి పోసి, రాగులు, ఆవాలు, మెంతులు చల్లి రోజూ నీళ్లు చిలకరిస్తారు. ఆవాలు తొందరగా మొలిచి పొట్టి పచ్చికలా కనబడతాయి. మెంతులు కాస్త లావు ఆకులతో పొదల్లా లేస్తాయి. రాగి మొలక సన్నగా, నిటారుగా లేచి వరిమడిలా ఉంటుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు మూడింటినీ కలిపి చల్లరు. పొలానికి రాగి, ఊరి పచ్చికకు ఆవ, చెరువుగట్టుకు మెంతి. తొమ్మిది రోజుల్లో పైరు నిజంగానే పెరుగుతుంది. మొదటి రోజు నారుమడిగా ఉన్నది ఎనిమిదో రోజుకు ఎడ్లబండిని కప్పేస్తుంది. కొలువులో కాలం గడవడం కంటికి కనిపించే చోటు ఇదొక్కటే.

చెరువుకు ముఖం చూసుకునే అద్దం. అద్దం అంచులు కనబడకుండా ఇసుకో మట్టో కప్పాలి, లేకపోతే చెరువు అద్దంగానే మిగిలిపోతుంది. కొండకు గోనెపట్టా. దాన్ని పలచటి మట్టినీళ్లలో ముంచి తిరగేసిన గిన్నెల మీద కప్పితే ఆరేసరికి ముడతలు బండల్లా గట్టిపడతాయి. రోడ్డుకు రంగు వేసిన రంపపు పొట్టు. చెట్లకు పచ్చరంగు అద్దిన స్పాంజి ముక్కలు, తులసి కొమ్మలు.

అసలు కష్టం కొలతల్లో ఉంది. గాజులమ్మే బొమ్మ జానెడు ఉంటుంది, పక్కన గుడి గోపురం దాని మోకాళ్ల దాకా వస్తుంది. దీనికి ఇళ్లలో ఎప్పటినుంచో ఒక ఉపాయం ఉంది. పెద్ద బొమ్మలను ముందుకు, చిన్నవాటిని వెనక్కు జరిపితే చిన్నవి దూరంగా ఉన్నట్టు కనబడతాయి. రైల్వే నమూనాలు కట్టేవాళ్లు, సినిమా కళా దర్శకులు ఇదే చేస్తారు. ఏ పుస్తకమూ చదవకుండా మన పెద్దవాళ్లు దీన్ని కనిపెట్టుకున్నారంటే, అది ఏళ్ల తరబడి దూరంగా నిలబడి చూసి, మళ్లీ వచ్చి సర్దిన ఓపిక ఫలితం.

ఇతర దేశాల కొలువులు

జపానులో మార్చి 3న జరిగే హినా మత్సురికి ఎర్రబట్ట పరిచిన మెట్ల మీద బొమ్మలు నిలుపుతారు. పై మెట్టు మీద చక్రవర్తి దంపతులు, కింద పరివారం. మన రాజా రాణీ బొమ్మల వరుసను చూసినట్టే ఉంటుంది. అక్కడ ఆ వరుస స్థిరం, ఏటా కొత్త దృశ్యం ఊహించే పని లేదు. ఇటలీలోని గ్రెచ్చోలో 1223లో ఫ్రాన్సిస్ మునీశ్వరుడు క్రీస్తు పుట్టుకను సజీవ దృశ్యంగా నిలిపిన తర్వాత ఆ సంప్రదాయం లోకమంతా వ్యాపించింది. నేపుల్స్ కళాకారులు దానిలోకి రొట్టెల అంగడి, చేపలమ్మి, సత్రం అన్నీ తెచ్చారు. మన ఊళ్లలో క్రిస్మస్‌కు చర్చిల్లో, ఇళ్లలో కట్టే పశువుల పాక ఆ కుటుంబంలోనిదే. ఎండుగడ్డి కప్పు, పత్తితో మంచు, నక్షత్రపు దీపం, కొన్నిచోట్ల ఆవు పక్కన కొండపల్లి గొర్రె కూడా. కొలువు పార్కు, పశువుల పాక, వినాయక చవితి పందిళ్లలో కట్టే సెట్టింగులు, మూడింటిలోనూ కట్టేవాళ్ల చేతిపని ఒకటే.

ఇలాంటి దృశ్యాలకు వాడే డయోరమా అన్న పేరును జనంలోకి తెచ్చినవాడు ఫ్రాన్సుకు చెందిన లూయీ డగేర్. 1822లో పారిస్‌లో అతను పెద్ద చిత్రపటాల మీద వెలుగును మారుస్తూ పగలు రాత్రిగా మారే దృశ్యాలు చూపించాడు. తర్వాత ఆ పేరు మ్యూజియాల్లోని అద్దాల పెట్టె దృశ్యాలకు, అభిరుచిపరులు కట్టే నమూనాలకు స్థిరపడింది.

ఇటుకలు వచ్చాక

డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో ఓలె కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి 1932లో చెక్క బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. ఆ చిన్న కార్ఖానాయే లెగో. అంటే లెగో కూడా కొండపల్లి లాగే చెక్కతో మొదలైంది. 1949లో ప్లాస్టిక్ ఇటుకలు చేశారు. అంతకు ముందే ఇంగ్లండులో హిలరీ ఫిషర్ పేజ్ అలాంటి ఇటుకలు తెచ్చాడు, లెగో వాటిని చూసే నేర్చుకుంది. అయితే ఆ తొలి ఇటుకలు గట్టిగా పట్టుకునేవి కావు, కట్టిన ఇల్లు ఎత్తితే విడిపోయేది. పైన బుడిపెలు, లోపల గొట్టాలు ఉన్న నేటి అమరికకు 1958 జనవరి 28న పేటెంటు దరఖాస్తు చేశారు. బుడిపె గొట్టానికీ గోడకీ మధ్య బిగుసుకోవడం వల్ల ఇటుకలు జిగురు లేకుండా నిలుస్తాయి, కావాలనుకుంటే ఊడి వస్తాయి. 1978లో చేతులు కాళ్లు కదిలే చిన్న మనిషి బొమ్మ, మినీఫిగర్, వచ్చింది. దృశ్యాలకు కొలత దొరికింది అప్పుడే.

ఎనిమిది బుడిపెల ఇటుకలు, ఒకే రంగువి, ఆరు ఇస్తే ఎన్ని రకాలుగా కలపవచ్చు? 91,51,03,765 రకాలుగా. డెన్మార్క్ గణిత శాస్త్రజ్ఞుడు సోరెన్ ఐలర్స్ కంప్యూటరు సాయంతో లెక్క కట్టిన సంఖ్య ఇది. కంపెనీ పెట్టెల్లో పంపే నమూనాలు కట్టడం ఒక ఆట. 2008లో వచ్చిన తాజ్‌మహల్ సెట్‌లో 5,922 ముక్కలున్నాయి. కాగితంలో చూపినట్టు పేరిస్తే తాజ్‌మహల్ వస్తుంది. కానీ అభిరుచిపరులు గౌరవించేది వేరే పనిని, కాగితం లేకుండా సొంతంగా ఊహించి కట్టిన దృశ్యాన్ని. సంత, ఓడరేవు, యుద్ధం, వాన పడుతున్న వీధి. పెద్దవాళ్లే ఇందులో ఎక్కువ, వాళ్ల ప్రదర్శనలకు జనం బారులు తీరతారు. కంపెనీ బిల్లుండ్‌లో 1968లో తెరిచిన లెగోల్యాండులో ఇటుకలతో కట్టిన చిన్న ఊళ్లు మొదటినుంచీ ప్రధాన ఆకర్షణ.

మన దేశంలో ఈ అభిరుచి ఖరీదైనది. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. నమోదైన హస్తకళాకారుల బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు. కొండపల్లికి, ఏటికొప్పాకకు ఇది అవసరమైన రక్షణ. దిగుమతి బొమ్మల ఖరీదు వల్ల మధ్యతరగతి ఇళ్లలో పిల్లల దగ్గర ఉండేవి కొన్ని అసలు సెట్లు, కొన్ని స్థానిక బ్లాకులు, కలగాపులగం. దృశ్యం కట్టడానికి అవి చాలు.

అమెరికా, సింగపూర్, ఆస్ట్రేలియాలో ఉండే తెలుగు ఇళ్ల కొలువుల్లో ఇప్పుడు లెగో రైలు, లెగో నగరం కూడా కనిపిస్తున్నాయి. కొండపల్లి బొమ్మలు సూట్‌కేసులో కొన్నే పడతాయి, ఇటుకలు అక్కడే దొరుకుతాయి. బెంగళూరు, హైదరాబాదు ఇళ్లలోనూ కింది మెట్టు పిల్లలకు వదిలేస్తున్నారు. దేవుళ్ల ముందు ప్లాస్టిక్కా అని అభ్యంతరం చెప్పే పెద్దలున్నారు. ఒకప్పుడు పింగాణీ బొమ్మలను, తర్వాత సెల్యులాయిడ్ పాపలను, బ్యాటరీ రైళ్లను కూడా ఇదే కొలువు కలుపుకుంది. ఏటా కొత్త బొమ్మ చేరాలన్న నియమమే కొలువుకు ప్రాణం. పిల్లలు కట్టినది కొన్నదానికంటే తక్కువ కాదు.

తనకల్లు వైపు దృశ్యం: ఒక లెక్క

శ్రీ సత్యసాయి జిల్లా కట్టడాలను ఇటుకలతో ఎలా కట్టవచ్చో చూస్తే ఆ కళలోని మెలకువ అర్థమవుతుంది. మినీఫిగర్ ఎత్తు సుమారు 4 సెంటీమీటర్లు. ఐదున్నర అడుగుల మనిషితో పోలిస్తే అది 42వ వంతు. లేపాక్షి ఏకశిలా నంది పొడవు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు. 42వ వంతు చేస్తే పొడవు 20 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, ఎత్తు 11. బుడిపెల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు, ఇటుక ఎత్తు 9.6. కాబట్టి నందికి 24, 25 బుడిపెల పొడవు, 11 ఇటుకల ఎత్తు కావాలి. ఒక పెద్ద పుస్తకమంత చోటు చాలు.

నంది వీపు గుండ్రం, ఇటుక చదరం. ఇక్కడ చేయి తిరిగినవాళ్లు ఇటుకలను పక్కకు తిప్పి బుడిపెలు బయటి వైపు ఉండేలా కడతారు. ఇటుకలో మూడో వంతు మందం ఉండే పలక ఎత్తు 3.2 మిల్లీమీటర్లు. ఐదు పలకలు పేరిస్తే 16 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా రెండు బుడిపెల వెడల్పు. ఈ ఒక్క లెక్క తెలిస్తే నిలువుగా కట్టినదాన్నీ పక్కకు తిప్పినదాన్నీ సందు లేకుండా కలపవచ్చు. నంది మెడలోని గంటల పేరు, వీపు మీది వంపు అలా వస్తాయి.

అక్కడి వీరభద్రాలయంలోని వేలాడే స్తంభం ఇటుకలకు చాలా అనువైన విషయం. స్తంభాన్ని పైకప్పు పలకకు బిగించి, కింద ఒక పలక మందం ఖాళీ వదిలితే చాలు, బుడిపెల పట్టే దాన్ని మోస్తుంది. ఆ 3.2 మిల్లీమీటర్ల సందు 42వ వంతు లెక్కన అసలు గుడిలో 13 సెంటీమీటర్లు అవుతుంది, నిజం సందుకంటే చాలా ఎక్కువ. అయినా అంత లేకపోతే చూసేవాళ్లకు కనబడదు. స్తంభం కింద గుడ్డ దూర్చి చూస్తున్న యాత్రికుడి మినీఫిగర్‌ను ఒకణ్ణి పెడితే కథ మొత్తం చెప్పినట్టే.

కదిరికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో గూటిబైలు దగ్గరున్న తిమ్మమ్మ మర్రిమాను మాత్రం ఈ కొలతకు లొంగదు. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన ఆ చెట్టు సుమారు ఐదెకరాల మేర పరుచుకుంది. 42వ వంతు చేసినా పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవున్న గది నేలంతా పడుతుంది. 200వ వంతుకు దిగితే గజంకంటే కాస్త తక్కువ, 70 సెంటీమీటర్ల చదరంలో సరిపోతుంది. అప్పుడు మనిషి ఒక్క బుడిపె ఉన్న చిన్న ఇటుక. ఊడలకు సన్నటి గోధుమరంగు కడ్డీలు, వందల్లో కావాలి. అన్ని దొరకనివాళ్లు కొబ్బరి పీచు దూర్చవచ్చు. ఇటుకల అభిరుచిపరుల్లో కొందరు పరాయి వస్తువు కలపడాన్ని ఒప్పుకోరు. కొలువుకు ఆ పట్టింపు లేదు, రాగి మొలకల మధ్య లెగో మర్రి నిలబడితే కొలువు ఇంకా నిండుగా ఉంటుంది.

మిగిలేది, మాయమయ్యేది

బొమ్మలు మిగులుతాయి. నలభై ఏళ్ల నాటి కొండపల్లి అంబారీ చాలా ఇళ్లలో ఉంది. ఢిల్లీలో కార్టూనిస్టు కె.శంకర్ పిళ్ళై 1965లో స్థాపించిన అంతర్జాతీయ బొమ్మల మ్యూజియంలో దేశదేశాల బొమ్మలున్నాయి. కానీ నేల మీద కట్టిన దృశ్యాలకు రికార్డు లేదు. ఒక అమ్మమ్మ గోనెపట్టాతో కట్టిన తిరుమల కొండ కొలువు ఎత్తేశాక ఎవరికీ దొరకదు. ఎన్ని రాగులు చల్లిందో, కొండ మెట్లకు ఏం వాడిందో ఎవరూ రాసి పెట్టలేదు. తెలుగు దృశ్య కళలో ఇది పెద్ద లోటు.

ఈ ఒక్క విషయంలో ఇటుకల వాళ్ల నుంచి మనం నేర్చుకోవాలి. వాళ్లలో చాలామంది కట్టినదాన్ని దశలవారీగా బొమ్మ గీసి, ముక్కల పట్టీ రాసి ఉంచుతారు. అందుకే ఒక చోట కట్టినది మరో దేశంలో మరొకరు తిరిగి కట్టగలరు. వచ్చే దసరాకు కొలువు ఎత్తే ముందు దృశ్యాన్ని పై నుంచి ఒకటి, ముందు నుంచి ఒకటి ఫోటో తీయండి. ఏయే వస్తువులు ఎక్కడ వాడారో ఒక కాగితం మీద రాసి, కట్టినవాళ్ల పేరు, సంవత్సరం వేసి బొమ్మల పెట్టెలోనే పెట్టండి.